మధ్యాహ్నపు బండి

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో పొడవాటి వరండా ఒకటి ఉంది. దాని మధ్యలో రెండు రెక్కల తలుపు. తలుపుకు ఇటు కంపెనీ వైపు, అటు సర్కారు వైపు. రెండు పక్కలా ఒకే సున్నం, ఒకే నేల. అయినా తలుపు దాటగానే వెలుతురు రంగు మారినట్టుండేది. ఇటు గదికి ఇద్దరే రోగులు, కిటికీలకు తెరలు. అటు ఒక పెద్ద హాలు, మంచానికీ మంచానికీ మధ్య మనిషి పక్కకు తిరిగితే తప్ప నడవలేనంత సందు. ఆ తలుపు గుండా బండ్లు ఇటు నుంచి అటే వెళ్లేవి. అటు నుంచి ఇటు ఏ రోగీ ఎప్పుడూ రాలేదు. ఆ బండ్లు తోసే మనిషిని ఆసుపత్రిలో అందరూ బండి బాబాయ్ అనేవారు.

ప్రభుత్వ ఆరోగ్య పథకంలో పేరున్న ప్రతి కార్మికుణ్ణీ సర్కారు ఒక బీమా కంపెనీకి అప్పగించింది. జబ్బు చేస్తే ఖర్చు కంపెనీదే, కాని ఒక హద్దు వరకే. హద్దు దాటిన రోజున ఆ మనిషి మళ్లీ సర్కారు బాధ్యత. జబ్బు అదే, చాలాసార్లు డాక్టరూ ఆయనే. మంచం మారుతుంది, వరుస మారుతుంది. కంపెనీ వైపు రేపు చేస్తామన్న ఆపరేషను సర్కారు వైపుకు వెళ్లేసరికి 'మీ వంతు వచ్చినప్పుడు చేస్తాం' అవుతుంది. పొద్దున్నే కంపెనీ ఆఫీసరు బల్ల మీద నుంచి చీటీ వచ్చేది. ఫలానా మంచం, సాయంత్రం ఆరింటికి, అని. ఆ చీటీ బండి బాబాయ్ చేతికి వెళ్లేది.

కాని అతను ఎవరినీ సాయంత్రం తోసేవాడు కాదు. సాయంత్రం చుట్టాలు వచ్చే వేళ. వరండా నిండా క్యారేజీలు, పళ్ల సంచులు, పరిగెత్తే పిల్లలు. ఆ జనం మధ్య నుంచి పొట్ట మీద బట్టల మూట, కాళ్ల దగ్గర చెప్పులు పెట్టుకుని తలుపు వైపు వెళ్లడమంటే, అద్దె ఇంట్లోంచి గెంటేసినవాళ్లు వీధి పొడుగునా నడిచినట్టే ఉండేది. అతను చేరిన కొత్తలో ఒక ముసలాయన అలా వెళ్తూ దుప్పటి ముఖం మీదకు లాక్కున్నాడు. ఎదురొచ్చిన పిల్ల ఒకతె శవమనుకుని కెవ్వున అరిచింది. ఆ మర్నాటి నుంచి అతను మధ్యాహ్నమే తోయడం మొదలుపెట్టాడు. భోజనాలయ్యాక, వార్డంతా కునుకు తీసే వేళ, వరండాలో ఎండ తప్ప ఎవరూ నడవని వేళ. చక్రాలకు నూనె రాసి, చప్పుడు కానివ్వకుండా. అలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. ఒక పూట ముందే మంచం ఖాళీ అయితే కంపెనీకి చేదా?

కంపెనీ వైపు రోగులు మాత్రం అతని నీడ పడితే చాలు, గోడ వైపు తిరిగి పడుకునేవారు.

"అదుగో, యముడి తోడల్లుడు బయల్దేరాడు. ఇవాళ ఎవరికి మూడిందో!" అనేవారు కాస్త నోరున్నవాళ్లు.

"ఆయన పెద్దల్లుడు, చాలా దూరం తీసుకెళ్తాడు. నేను చిన్నల్లుణ్ణి, పక్క హాలుదాకానే," అనేవాడు బండి బాబాయ్. నవ్వించడానికి కాదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

నిజానికి అతను ఎవరికీ అల్లుడు కాలేదు. తల్లి పోయాక అన్న ఇంటికి వచ్చాడు. అప్పటికి అన్నకు కొత్తగా పెళ్లయింది. ఒకే గది, మధ్యలో చీర కట్టిన తాడు. తాడుకు ఇవతల అతని పక్క వేసి, "ఇది నీ ఊరు, అది మా ఊరు. రాత్రిళ్లు పొలిమేర దాటకు," అని వదిన నవ్వింది. అన్న ఎక్కువ కాలం బతకలేదు. అన్న పోయాక తాడు అలాగే ఉంది, రెండు ఊళ్లూ అలాగే ఉన్నాయి. వదిన పెద్ద లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. లాండ్రీ వ్యాను ఆసుపత్రికి దుప్పట్లు తెచ్చేది. ఆ వ్యాను డ్రైవరును పట్టుకుని, ఆయన చేత ఎవరికో చెప్పించి, మరిదికి ఈ ఉద్యోగం వేయించింది ఆవిడే. కొన్నాళ్లకు ఊళ్లో మాట్లాడుకున్నారు, ఒకే గదిలో వదినా మరిదీ ఏమిటని. వదిన వీధిలోకి వచ్చి, "ఉన్నది ఒక్క గది. ఇంకోటి కట్టిచ్చే పుణ్యాత్ములు ముందుకు రండి," అంది. ఎవరూ రాలేదు. మాటలు ఆగిపోయాయి.

ఈ హద్దును ఎత్తేసే చట్టం గురించి ఆసుపత్రిలో ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నారు. సభలో పెట్టారట, వెనక్కి పంపారట, కంపెనీలవాళ్లు అడ్డం పడ్డారట. వానాకాలం ముందు మబ్బులా అది వచ్చేది, కమ్మేది, పోయేది. ఆ ఏడు మాత్రం నిజంగానే కురిసింది. క్యాంటీన్‌లో పెద్ద సిస్టర్ పేపరు మడిచి పెట్టి చెప్పింది.

"ఇక హద్దూ లేదు, గిద్దూ లేదు. వైద్యం ఏ కంపెనీ చేతిలో మొదలైతే, మనిషి తన కాళ్లతో ఇంటికి వెళ్లేదాకా ఆ కంపెనీదే బాధ్యత. మధ్యలో సర్కారు మీదకు తోసేయడం కుదరదు."

తలుపు దగ్గర కాపలా ఉండే తలుపాయన టీ గ్లాసు దించాడు. "అయితే బాబాయ్ సంగతేంటి? తోయడమే లేకపోతే?"

"అద్దాల పెట్టెలో పెట్టి కింద రాయిద్దాం, పూర్వకాలపు జంతువని," అని మళ్లీ తనే జవాబు చెప్పాడు.

"పక్కన నిన్ను కూడా పెడతారు," అన్నాడు బండి బాబాయ్. "తలుపుతో సహా."

అందరూ నవ్వారు. అతను టీ తాగాడు. చట్టం మంచిదో చెడ్డదో అతను ఆలోచించలేదు. వదిన తుంటి ఎముక విరిగి కంపెనీ వైపు గదిలో పడుకుని ఉంది. అతను ఆలోచించేది అంతవరకే.

లాండ్రీలో తడి నేల మీద జారిపడిందామె. విరిగిన ఎముకకు మొదట కడ్డీ వేశారు. కడ్డీ చుట్టూ చీము పట్టింది. కడ్డీ తీసేశారు. చీము తగ్గాక మొత్తం కీలు మార్చాలి, లేకపోతే నడవలేదు అన్నాడు డాక్టరు. చీము తగ్గింది. ఆపరేషనుకు ఏ వారమో కూడా అనుకున్నారు. ఈలోగా హద్దు వచ్చేసింది.

చట్టం అమల్లోకి రావడానికి ముందు రోజు పొద్దున చీటీ వచ్చింది. చీటీ మీద వదిన మంచం. బండి బాబాయ్ దాన్ని జేబులో పెట్టుకున్నాడు. కొత్త చట్టం కొత్తగా చేరేవాళ్లకే అని అప్పటికి అందరూ అనుకుంటున్నారు. ఆఫీసరు కూడా అలాగే అనుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. వార్డులో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. అతను బండి తీశాడు.

వదిన నిద్రపోలేదు.

"వచ్చావా?"

"వచ్చా."

"చీటీ నాకేనా?"

"నీకే."

"మరి కొత్త పెళ్లికొడుకులా గుమ్మంలో నిలబడ్డావేం? వచ్చి దుప్పటి పట్టు."

ఆమెను బండి మీదకు జరిపారు, అతనూ ఒక ఆయా. తుంటి కదిలినప్పుడు వదిన పెదవి కరుచుకుంది, అరవలేదు. దువ్వెన, మందుల డబ్బా, రెండు చీరలు మూట కట్టి, పొట్ట మీద కాకుండా బండి కింది అరలో పెట్టాడు. చెప్పులు కూడా అక్కడే. వరండాలో కిటికీ తర్వాత కిటికీ, ఎండ పలకలు పలకలుగా ఆమె ముఖం మీద నుంచి జారిపోతున్నాయి.

"అందరినీ తోసేటప్పుడు ఏం మాట్లాడతావు?"

"ఏం మాట్లాడను."

"నాతో ఏదైనా మాట్లాడు."

"ఎండగా ఉంది."

"అది నాకూ కనిపిస్తోందిలేరా. ఏళ్ల తరబడి ఈ ఉద్యోగం చేసి ఇదా నేర్చుకుంది?" అంది. ఖాళీ వరండా చూసి, "ఎవరూ లేరు చూశావా, మంచి పని చేశావు. సాయంత్రమైతే పక్క గది ఆవిడ చెల్లెలొచ్చి నన్ను చూసి నాలుక చప్పరించేది. ఆ చప్పుడు నేను భరించలేను," అంది.

తలుపు దగ్గర గడప లాంటి ఇనుప పట్టీ ఉంటుంది. అక్కడ అతను బండిని కొద్దిగా వెనక్కి వంచి ముందు చక్రాలు ఎత్తాడు, తర్వాత వెనకవి. ఆమెకు తెలియనే లేదు. తలుపాయన రెక్క పట్టుకున్నాడు. సర్కారు వైపు కిటికీ లేని గోడ పక్కన మంచం దొరికింది.

మధ్యాహ్నం బాగా వాలాక, అతను మెట్ల కింద బండి చక్రాలు తుడుస్తుంటే పెద్ద సిస్టర్ గబగబా వచ్చింది. ఆవిడ పరిగెత్తడం అతనెప్పుడూ చూడలేదు.

"బాబాయ్, మీ వదిన చీటీ జేబులోనే ఉంది కదూ? ఉందని చెప్పు."

"లేదమ్మా. తోసేశా."

"ఎప్పుడు?"

"భోజనాలయ్యాక."

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. ఈ సాయంత్రం ఆరింటికి కంపెనీ వైపు మంచం మీద ఉన్న ప్రతి మనిషికీ కొత్త చట్టం వర్తిస్తుందట. పాత చీటీలన్నీ రద్దు. ఆ రోజు పొద్దున మూడు చీటీలొచ్చాయి. మిగతా ఇద్దరూ సర్కారు వైపు మంచాలు ఖాళీ లేక కదలలేదు. వాళ్లు ఉండిపోతారు. వాళ్ల ఆపరేషన్లు అవుతాయి.

"చీటీలో ఉన్నట్టు ఆరింటిదాకా ఆగి ఉంటే..." అని మొదలుపెట్టి ఆవిడ నోరు మూసుకుంది.

బండి బాబాయ్ తుడుస్తున్న చక్రం తుడవడం పూర్తిచేశాడు. తర్వాత రెండోది తుడిచాడు. పన్ను పీకే ముందు చిగుళ్లకు సూది వేస్తారు. ఆ తర్వాత నాలుక తగిలినా పెదవి కొరికినా అది తనది కానట్టే ఉంటుంది. అతనికి ఒళ్లంతా అలా అయింది. ఆ సాయంత్రం కంపెనీ వైపు రోగుల చుట్టాలు మిఠాయి పంచారు. ఎప్పుడూ గోడ వైపు తిరిగే ఒకాయన లేచి కూర్చుని, "ఇక నీ ముఖం చూడక్కర్లేదు బాబాయ్, తిను," అని చేతిలో పెట్టాడు. తిన్నాడు. నోట్లో ఏదో కరిగింది. అది తీపి అని గుర్తుంది, నాలుకకు తెలియలేదు.

మర్నాడు కంపెనీ ఆఫీసరు దగ్గరికి వెళ్లాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు, బండి బాబాయ్ కూర్చోలేదు.

"ఆరింటికి ఆవిడ మా మంచం మీద లేరు. నేనేం చేయను, చెప్పండి? నేను చట్టం రాయలేదు, ఈ బల్ల మీద అమలు చేస్తానంతే."

"నేను వేళకు ముందే తోశాను సార్. నా వల్లే."

"తోశారు. నిజమే. కాని ఆవిడ వెళ్లిపోయారు కదా."

సర్కారు వైపు వంతు ఎప్పుడొస్తుందని అడిగితే అక్కడి డాక్టరు చేతులెత్తేశాడు. ఈలోపు కండ పట్టు తప్పుతుందనీ, ఆలస్యమైన కొద్దీ కీలు మార్చినా నడక రాకపోవచ్చనీ అన్నాడు. వదినకు ఆ మాట అతను చెప్పలేదు. ఆమె అడగలేదు. పక్క మంచం ఆవిడకు దుప్పటి మడత ఎలా పెడితే ముడతలు రావో నేర్పుతూ ఉంది.

దారి చూపించింది పెద్ద సిస్టరే. అతన్ని మందుల గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"విచారణ అడుగుదాం. రోగిని పొరపాటున కదిపితే, ఆ కదపడం చెల్లదు. ఎక్కణ్ణుంచి కదిపారో అక్కడే ఉన్నట్టు లెక్క. అలాంటి నిబంధన ఉంది, నేను చదివాను."

"నేను పొరపాటున తోయలేదమ్మా. ఎప్పుడూ అలాగే తోస్తాను."

"అదే చెప్పకూడదు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఎప్పుడూ చేసేది పద్ధతి అవుతుంది బాబాయ్. ఆసుపత్రి పద్ధతి ప్రకారం జరిగిందంటే చెల్లుతుంది. జన్మలో ఒక్కసారి జరిగితేనే పొరపాటు. రోజూ ఆరింటికే తోస్తాను, ఆ రోజు మాత్రం చీటీ సరిగా చూసుకోలేదు అని చెప్పాలి. మేమంతా అదే చెబుతాం."

"నన్నేం చేస్తారు?"

"ఉద్యోగంలోంచి తీసేస్తారు," అంది. దాచలేదు. "ఎలాగూ బండికి పని లేదు. కాని రిటైరైనట్టు కాదు, తప్పు చేసి పోయినట్టు పోతావు. దండా, ఫోటో ఏమీ ఉండవు."

"ఫోటోలో నేను బాగుండనులే," అన్నాడు.

విచారణ సూపరింటెండెంటు గదిలో జరిగింది. బల్లకు అటు ముగ్గురు కూర్చున్నారు, వాళ్లలో కంపెనీ ఆఫీసరు ఒకడు. గోడ మీద గడియారం లేదు, అది ఉండే చోట మేకు మాత్రం ఉంది. ఆ మేకును చూస్తూ బండి బాబాయ్ చెప్పాల్సింది చెప్పాడు. కంపెనీ ఆఫీసరు అడిగాడు.

"మీరు రోజూ మధ్యాహ్నమే తోస్తారని నేను విన్నాను."

"లేదు సార్. ఆరింటికే."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

తర్వాత తలుపాయన వచ్చాడు. ఏళ్లుగా ప్రతి మధ్యాహ్నం కునుకు చెడగొట్టుకుని రెక్క పట్టుకున్న మనిషి. "సాయంత్రమే సార్. జనంలోంచి తోసుకొస్తాడు. ఆ ఒక్క రోజు తప్ప నేనెప్పుడూ మధ్యాహ్నం తలుపు తీసింది లేదు," అన్నాడు, బండి బాబాయ్ వైపు చూడకుండా. ఆయా వచ్చింది. అంతకు ముందు ఏ మధ్యాహ్నమూ బండి చప్పుడే వినలేదంది. అది నిజమే. పెద్ద సిస్టర్ వచ్చి, ఇతనికి రోగుల మీద ప్రత్యేకమైన శ్రద్ధ ఏమీ లేదని, చీటీలో ఏముంటే అది చేస్తాడని, ఈసారి అదీ చేయలేదని చెప్పింది.

ఒక్కొక్కరూ అతని కోసం అతన్ని తుడిచేస్తున్నారు. పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిచినట్టు, కిటికీ తర్వాత కిటికీ, మధ్యాహ్నం తర్వాత మధ్యాహ్నం. ముఖం దాచుకోకుండా వెళ్లినవాళ్లంతా మళ్లీ ఆ సాయంత్రాల జనంలోకి వెళ్లిపోతున్నారు. అతనికి బాధ కలగలేదు. కలగాలని తెలుసు. చెప్పులోకి దూరిన రాయిలా అది ఎక్కడో ఉందనీ, కాలికి మాత్రం తెలియడం లేదనీ అనిపించింది.

కంపెనీ ఆఫీసరు చాలాసేపు పెన్ను తిప్పాడు. ఆయనకూ తెలుసు. మధ్యాహ్నం ఆయన బల్ల ముందు నుంచే బండి వెళ్లేది. "పొరపాటే అయితే సరే," అన్నాడు చివరికి. "ఆవిడను వెనక్కి తీసుకురండి."

తీసుకురావడానికి కింది అంతస్తు నుంచి ఇద్దరు వార్డు మనుషులను పంపారు. అప్పటికే బండి బాబాయ్ ఉద్యోగి కాదు, చుట్టం. పక్కన నడిచాడు. ఇనుప పట్టీ దగ్గర వాళ్లు చక్రాలు ఎత్తకుండా తోసేశారు. బండి ఎగిరిపడింది.

"అమ్మో!" అంది వదిన. తర్వాత అతన్ని చూసి, "వీళ్లకు నేర్పలేదేంట్రా?" అంది.

"నాకు తెలియదుగా వదినా. నేను చీటీ కూడా సరిగా చదవనివాణ్ణి."

వదిన ఆ మాటకు నవ్వలేదు. గదిలో పడుకోబెట్టి అందరూ వెళ్లాక అడిగింది.

"నిజంగా అలా చెప్పావా? ఆ ఒక్కసారే పొరపాటున తోశానని?"

"చెప్పా."

"అందరూ అవునన్నారా?"

"అన్నారు."

"ఒక్కడైనా కాదనలేదా?"

"కాదంటే నిన్ను తేనిచ్చేవాళ్లు కాదు."

ఆమె కిటికీ తెర వైపు తిరిగింది. "వెధవలు," అంది మెల్లగా. ఎవరినన్నదో అతను అడగలేదు.

ఆపరేషను అయింది. కీలు మార్చారు. ఆమె తన కాళ్లతో ఇంటికి వెళ్లేదాకా కంపెనీదే బాధ్యత కాబట్టి, నడక నేర్పే మనిషిని కూడా కంపెనీయే పంపింది, మంచం దిగేదాకా, వాకిట్లో ఆటో ఎక్కేదాకా. చట్టం చెప్పినట్టే అన్నీ జరిగాయి. లాండ్రీవాళ్లు ఆమె చోట వేరే మనిషిని పెట్టుకున్నారు. ఇప్పుడు ఇద్దరూ పగలంతా ఇంట్లోనే ఉంటున్నారు. ఇద్దరి పగళ్లూ ఎప్పుడూ అంత పొడుగ్గా లేవు.

ఒక ఉదయం వదిన చేతికర్ర గోడకు ఆనించి, కర్ర లేకుండా మంచం దగ్గర నుంచి గుమ్మందాకా నడిచింది. గుమ్మం పట్టుకుని, తిరిగి, మళ్లీ మంచందాకా వచ్చింది. ఎడమ అడుగు కొంచెం ఆలస్యంగా పడుతోంది, అంతే. అతను గోడకు చేరబడి కూర్చుని చూశాడు. సంతోషం వస్తుందేమోనని ఎదురుచూశాడు. వీధిలో ఎవరో నీళ్లు చల్లుతున్నారు. సంతోషం రాలేదు, కాని అతను చూపు తిప్పుకోలేదు.

"ఏంట్రా చిన్నోడా, ఎవరో పరాయివాళ్లు నడుస్తున్నట్టు చూస్తావేం?"

"చూస్తున్నాగా."

"చూస్తే సరిపోదు. ఏదైనా అను."

అతను ఆలోచించాడు. నిజంగానే చాలాసేపు ఆలోచించాడు.

"ఇంకోసారి నడువు," అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసింది. చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుని, మళ్లీ గుమ్మం వైపు తిరిగింది.